బండి మీదున్న కుర్రాడికి మెసేజ్ పెట్టింది నేనే. ఏం మార్చమంటారు?

కౌంటర్_గుంటూరు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

గుంటూరు కొత్తపేటలో ఒక మెడికల్ ఏజెన్సీలో 14 ఏళ్ళుగా కౌంటర్ చూస్తున్నాను. ఓనర్ని కాదు, ఓనరుకీ లైన్ కుర్రాళ్ళకీ మధ్యలో ఉండేవాణ్ణి. షాపుల ఆర్డర్లు రాసుకోవడం, బిల్లు కొట్టించడం, సరుకు కట్టించి బండెక్కించడం నా పని. ఐదు బైకులు, ఐదు లైన్లు: తెనాలి, నరసరావుపేట, సత్తెనపల్లి, చిలకలూరిపేట, ఊళ్ళో లోకల్.

పోయిన నెల సత్తెనపల్లి లైన్ కుర్రాడు పడ్డాడు. సాయంత్రం 6.40 ప్రాంతంలో, పేరేచర్ల దాటాక. యార్డులో మిర్చి దించేసి ఖాళీగా ఊరికి పోతున్న ట్రాక్టరు ఒకటి ముందు ఉంది. దానికి తగిలించిన ట్రక్కుకి వెనక లైట్లు లేవు. డొంకలోకి తిరగడానికి నిదానించింది. మనవాడు తలెత్తేసరికి ట్రక్కు ముఖం మీదే ఉంది. బ్రేకు కొట్టాడు, బండి అడ్డంగా జారింది, ఎడం మణికట్టు రెండు చోట్ల విరిగింది. హెల్మెట్ ఉంది కాబట్టి ఇవాళ నేను ఇంత నిదానంగా కూర్చుని రాస్తున్నాను.

ఫోన్ ఆ ఎడంచేతిలోనే ఉంది. కుడిచెయ్యి యాక్సిలరేటర్ వదలకూడదు కదా. క్లచ్ పట్టాల్సిన చేతి బొటనవేలితో టైపు చేస్తున్నాడు. చేస్తున్నది నాకు.

ఏం జరిగిందో తెలియక నేను ఇంకోసారి ఫోన్ చేశాను. ఎవరో రైతు ఎత్తి "మీ పిల్లోడు పడ్డాడయ్యా, లేపి కూచోబెట్టాం" అన్నాడు. తర్వాత ఆసుపత్రిలో వాడి తమ్ముడు ఆ ఫోన్ తెరిచి చూపించాడు. నాది "ఎక్కడ" అని ఒకటి. దాని కింద వట్టి ప్రశ్నార్థకం ఒకటి. వాడు కొడుతూ కొడుతూ పంపకుండా ఆగిపోయిన ముక్క అడుగున అలాగే ఉంది: "పేరే".

ఆ రాత్రి లెక్కేశాను. వాడు బయల్దేరింది 6.05కి, పడింది 6.40కి. ఈ 35 నిమిషాల్లో నా మెసేజ్‌లు నాలుగు, నా కాల్స్ రెండు, షాపాయన కాల్స్ మూడు, గ్రూపులో ఓనరు గారి "స్టేటస్?" రెండు. మొత్తం 11. మూడు నిమిషాలకొకటి చొప్పున ఈగల్లా ముసిరాం.

సంచీలో ఏముందో కూడా చెప్తాను. ఇన్సులిన్ లేదు, పాముకాటు మందు లేదు. ఒక కేసు దగ్గు సిరప్పులు, కాల్షియం బిళ్ళలు, పిల్లల డైపర్లు. మర్నాడు పొద్దున్న పంపినా ఎవరి ప్రాణమూ పోదు.

మరి ఎందుకంత ఆత్రం అంటారా. షాపాయన "పేషెంటు నిలబడున్నాడు, ఇంకెంతసేపు" అని నాకు ఫోన్ చేస్తాడు. ఇదే సరుకు ఇచ్చే ఏజెన్సీలు కొత్తపేటలోనే ఇంకా ఉన్నాయి. వాడు అటు తిరిగితే ఓనరు నన్నడుగుతాడు. మాకు మిగిలేదే 8 శాతం, పెట్రోలూ జీతాలూ అందులోనే. అందుకని నేను కుర్రాణ్ణి అడుగుతాను. తీరా వాడు ఎక్కడున్నాడో తెలిసి నేను చేసేది ఏమైనా ఉందా? ఏమీ లేదు. పేరేచర్ల అంటే "సరే" అంటాను. మేడికొండూరు అన్నా "సరే" అనే అంటాను.

నా ప్రశ్న ఇదీ. పని ఆగకుండా, షాపులు పోకుండా, బండి మీదున్నవాడికి ఫోన్ రాకుండా చెయ్యడం ఎలా? మీ దగ్గర, మీ ఆఫీసుల్లో ఎవరైనా చేశారా? "ఫోన్ వాడకురా" అని కుర్రాళ్ళకి చెప్పమనే సలహా మాత్రం వద్దు. అది 14 ఏళ్ళుగా చెప్తూనే ఉన్నాను, చెప్తూనే ఫోన్లు చేస్తున్నాను.


సూటిగా_చెప్తా:

మీరు అనవసరంగా నెత్తిన వేసుకుంటున్నారు. ఫోన్ మోగితే ఎత్తమని ఎవరైనా కత్తి పెట్టారా? పక్కకి ఆపి మాట్లాడొచ్చుగా. ఈ కాలం కుర్రాళ్ళకి క్రమశిక్షణ లేదు. నేను ఇరవై ఏళ్ళుగా బండి మీద మాట్లాడుతూనే ఉన్నా, ఒక్క గీత పడలేదు. కావాలంటే ఒక్కొక్కడికీ బ్లూటూత్ నెక్‌బ్యాండ్ కొనివ్వండి, వెయ్యి లోపే వస్తుంది. సమస్య ఖతం.


మణికొండ_డిజైర్:

కౌంటర్ అన్నా, ముందుగాల పైన నెక్‌బ్యాండ్ అన్నాయనకు చెప్త. నా దగ్గర నెక్‌బ్యాండ్ ఉంది, హోల్డర్ ఉంది, ఛార్జర్ ఉంది, అన్నీ ఉన్నయ్. ఆరేండ్ల సంది క్యాబ్ నడుపుతున్న. ఫోన్ పక్కన పెట్టుడంటే నాకు దుకాణం షట్టర్ దించినట్టే.

ఎట్లుంటదో చెప్త. కస్టమర్ ఇంకా బండ్లనే ఉంటడు, దిగడానికి రెండు కిలోమీటర్లు ఉంటది. గప్పుడే తర్వాతి రైడ్ మోగుతది. స్క్రీన్ మీద ఒక గీత తిరుగుతుంటది, అది అయిపోయేలోపల ఒత్తాలె. ఆ కొన్ని సెకన్లల్ల నేను సూడాల్సినవి: పికప్ ఎంత దూరం, డ్రాప్ ఎక్కడ, పైసలెన్ని, క్యాషా ఆన్‌లైనా. అన్నీ చిన్నచిన్న అక్షరాలు. బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ దిగుతుంటే, ముంగట బస్సు, పక్కన బైకులు, నేనేమో అల్వాల్ ఎంత దూరమని లెక్కలేస్తుంట. ఒదిలేస్తే ఏమైతది అంటే ఏం కాదు. ఒకటి ఒదిలిన, రెండు ఒదిలిన, మూడోది రావుడు తగ్గినట్టు అనిపిస్తది. నిజంగ తగ్గుతదో లేదో ఆ యాప్‌కే ఎరుక. కానీ మనసుల ఆ భయం ఉంటది సూడు, అది చాలు.

ఇంక కస్టమర్లు. బుక్ చేసిన నిమిషానికే "వేర్ ఆర్ యూ". మ్యాప్‌ల నా బండి కనిపిస్తనే ఉంటది కదా! బండి మలుపు తిరిగేది కూడా కనిపిస్తది. అయినా "వేర్ ఆర్ యూ". రిప్లై ఇయ్యకపోతే క్యాన్సల్.

ఒక్క ముచ్చట చెప్పి బంద్ చేస్త. పోయిన ఎండాకాలం ఒక పెద్దాయన ముందు సీట్ల కూసున్నడు, రిటైర్డ్ బ్యాంకు మనిషంట. రెండుసార్లు నేను ఫోన్ దిక్కు సూసుడు సూసిండు. తిట్టలే. అద్దాలు పెట్టుకొని "నువ్వు రోడ్డు చూడు, నేను చదువుతా" అన్నడు. మియాపూర్ దాకా అదే పని. "కొండాపూర్ నుంచి మెహిదీపట్నం, రెండు వందల పది, క్యాష్, ఎత్తుకోవాల్నా వద్దా?" అంటడు. నేను "ఎత్తుకో సార్" అంటే వేలితోటి ఒత్తుతడు. దిగేటప్పుడు నా జీతమేది అని నవ్విండు. గా ఒక్క దినం నా మెడ నొప్పి పెట్టలే, నిజం.


పాత_స్టీరింగ్:

కౌంటర్ గారికి నమస్కారం. నేను 31 ఏళ్ళు ఆర్టీసీలో స్టీరింగ్ పట్టి రిటైరయ్యాను. పల్నాటి రోడ్లే ఎక్కువ. మీ కుర్రాడు పడ్డ రోడ్డు నాకు గుంతలతో సహా తెలుసు.

హైదరాబాదు తమ్ముడు చెప్పిన పెద్దాయన సంగతి చదివి చాలాసేపు ఆలోచించాను. ఆయన చేసింది కండక్టరు పని.

మా బస్సుల్లో డ్రైవరు వెనక ఒక బోర్డు ఉండేది, డ్రైవరుతో మాట్లాడరాదు అని. అది మర్యాద కోసం రాసింది కాదు. ఎవరికే అవసరం వచ్చినా కండక్టరు దగ్గరకు పోవాలి. ఆపాలంటే ఆయన బెల్లు కొడతాడు, పోనివ్వాలంటే బెల్లు కొడతాడు. డ్రైవరుకి ఆ రెండు బెల్లులు తప్ప లోకంతో పని లేదు. డిపో మేనేజరుకి నా మీద ఎంత కోపం ఉన్నా నేను బస్టాండులోకి వచ్చి ఇంజను ఆపిందాకా ఆ కోపం నాకు చేరేది కాదు. ఆ సుఖం ఎంతటిదో సెల్‌ఫోన్లు వచ్చాక గానీ తెలియలేదు.

తర్వాత కొన్ని సర్వీసుల్లో కండక్టర్ని తీసేసి డ్రైవరు చేతికే టికెట్ మిషను ఇచ్చారు. టిమ్ డ్యూటీ అనేవాళ్ళం. బస్సు ఆపాకే టికెట్ కొట్టాలని రూలు. కానీ స్టాపులో పదిమంది ఎక్కుతారు, వెనక ఇంకో బస్సు హారన్ కొడుతుంది, టైము పోతుంది. కొందరు కదిలిస్తూనే చిల్లర లెక్కపెట్టేవాళ్ళు. నేనూ పెట్టాను, అబద్ధమెందుకు. రూలు డ్రైవరు జేబులో ఉంటుంది, తొందర మాత్రం బయట నుంచి వస్తుంది.

ఒక లెక్క చెప్తాను. బస్సు 60లో పోతుంటే సెకనుకి 16 మీటర్లు దాటి కదులుతుంది. మూడు సెకన్లు తల దించితే 50 మీటర్లు. అంటే నాలుగు బస్సులు ముక్కుకి తోక ఆనించి నిలబెట్టినంత దూరం కళ్ళు మూసుకుని నడిపినట్టు. కొత్త డ్రైవర్లకి ఈ లెక్క చెప్పేటప్పుడు డిపో యార్డులో బస్సుల వరస చూపించేవాణ్ణి. మీటర్లంటే ఎవడికీ ఎక్కదు, బస్సులంటే ఎక్కుతుంది.

తెలంగాణ ఆర్టీసీ వాళ్ళు 2025 సెప్టెంబరు 1 నుంచి కొన్ని డిపోల్లో ప్రయోగంగా ఒక పద్ధతి పెట్టారు. డ్యూటీ ఎక్కే ముందు డ్రైవరు ఫోన్ డిపోలో అప్పగించి పోవాలి. ఇంట్లో ఏదైనా జరిగితే వాళ్ళు డిపోకి ఫోన్ చేస్తారు, డిపో కబురందిస్తుంది. అంటే పాత పద్ధతే మళ్ళీ.

మీకు నా సలహా. కుర్రాడి నంబరు షాపులకి ఎవరిచ్చారు? మీరే ఇచ్చి ఉంటారు. వెనక్కి తీసుకోండి. షాపుకి ఒకటే నంబరు ఉండాలి, అది కౌంటరుది. ఇక టైము అంటారా, మేం కంట్రోలరు దగ్గర రాయించుకుని పోయేవాళ్ళం. గుంటూరులో ఎన్నింటికి బయల్దేరిందీ, ఎన్నింటికి చేరాలన్నదీ కాగితం మీద ఉంటే మధ్యలో బస్సెక్కడుందని ఎవరూ అడగరు. మీవాడు 6.05కి బయల్దేరితే సత్తెనపల్లికి 7.15 అని షాపాయనకి ముందే చెప్పండి. 7 అని చెప్పకండి. ఆ పదిహేను నిమిషాలే మీవాడి క్లచ్ చెయ్యి.


కౌంటర్_గుంటూరు:

పాత_స్టీరింగ్ గారూ, అవునండీ, నంబర్లు ఇచ్చింది నేనే. బిల్లు అడుగున రబ్బరు స్టాంపు వేసి మరీ ఇచ్చాం, "డెలివరీ బాయ్" అని. అదేదో పెద్ద సర్వీసు అనుకున్నాం.

సూటిగా_చెప్తా గారూ, పక్కకి ఆపి మాట్లాడొచ్చు నిజమే. వాడు మొదటి మూడు కాల్స్‌కీ ఆపాడట. ఆపిన ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు. "ఆపుకుంటూ పోతే లేటవుతోంది, లేటయితే ఇంకా ఎక్కువ ఫోన్లు వస్తున్నాయి" అన్నాడు ఆసుపత్రిలో. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.


ఇర్వింగ్_గోదారి:

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను, సొంతూరు పాలకొల్లు దగ్గర. నెక్‌బ్యాండ్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

యూటా యూనివర్సిటీలో డేవిడ్ స్ట్రేయర్ అనే ప్రొఫెసర్ బృందం ఈ విషయం మీదే ఏళ్ళ తరబడి పనిచేసింది. 2006లో వచ్చిన వాళ్ళ పేపర్లో మనుషుల్ని సిమ్యులేటర్లో కూర్చోబెట్టి, ఫోన్ మాట్లాడేవాళ్ళనీ మందు తాగినవాళ్ళనీ పోల్చారు. ఫోన్ చేతిలో ఉన్నా, హ్యాండ్స్‌ఫ్రీలో ఉన్నా పెద్ద తేడా కనపడలేదు. రెండిట్లోనూ బ్రేకు ఆలస్యంగానే పడింది. కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి, చూపు మాత్రం మాటల్లో ఉంటుంది. 2015లో రోడ్డు భద్రత మీద పనిచేసే ఏఏఏ ఫౌండేషన్‌తో కలిసి ఇంకోటి చేశారు. కారుతో నోటితో చెప్పి ఫోన్ కలపడం, మెసేజ్ పంపడం లాంటి పని ముగించాక కూడా మనసు పూర్తిగా రోడ్డు మీదకి రావడానికి కొన్ని సందర్భాల్లో 27 సెకన్ల దాకా పట్టింది. కౌంటర్ గారి లెక్కలో ఆ 11 కాల్స్, మెసేజ్‌ల వెనకా ఒక్కో తోక ఉందన్నమాట.

ఇంత చదివినవాణ్ణి, నేనేం చేస్తానో కూడా వినండి. ఇక్కడ టెక్సస్‌లో 2017 సెప్టెంబరు 1 నుంచి నడుపుతూ మెసేజ్ చదవడం, రాయడం రాష్ట్రమంతటా నేరం. నేను ఆఫీసుకి బయల్దేరేది ఉదయం 8 గంటలకి. ఇంటి దగ్గర అప్పుడు సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. అమ్మ దీపం పెట్టి, నాన్నకి కాఫీ ఇచ్చి, తీరిగ్గా ఫోన్ పట్టుకునేది సరిగ్గా అప్పుడే. ఆఫీసులో మాట్లాడలేను, సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి వాళ్ళకి తెల్లవారుజాము. రోజు మొత్తంలో మా ఇద్దరికీ కలిసిన గంట నేను 635 హైవే మీద ఉండే గంటే. ఒకసారి ఎత్తకపోతే మర్నాడు "నిన్న ఎందుకు ఎత్తలేదు, ఒంట్లో బాలేదా" అని మొదలవుతుంది. పోయినేడాది నాన్న షుగర్ రిపోర్టు ఫొటో తీసి పంపారు, చూసి చెప్పమని. 70 మైళ్ళ మీద దాన్ని పెద్దది చేసుకుని చూశాను. హెచ్‌బీఏ1సీ 8.4. ఆ అంకె గుర్తుంది. ఆ రెండు మైళ్ళ రోడ్డు మాత్రం ఏమీ గుర్తులేదు.

ఓనరు బెదిరింపు కంటే అమ్మ ఆదుర్దా తప్పించుకోవడం కష్టమని నా అనుభవం. ఇప్పుడు పావుగంట ముందు బయల్దేరి, అపార్ట్‌మెంటు పార్కింగ్‌లోనే ఇంజను వెయ్యకుండా కూర్చుని మాట్లాడుతున్నాను. వారానికి నాలుగు రోజులు కుదురుతుంది. ఐదో రోజు సంగతి అడక్కండి.

ఒక చిన్న సాంకేతిక విషయం. కుర్రాళ్ళ ఫోన్లలో వాట్సాప్ బ్లూ టిక్కులు ఆపేసినా గ్రూపులో ఆగవు. మెసేజ్ ఇన్ఫోలోకి వెళ్తే ఎవరు చదివారో ఓనరు గారికి కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి ఆ "స్టేటస్?" గ్రూపులోంచి లైన్‌లో ఉన్న కుర్రాళ్ళని బయటికి తియ్యడమే మార్గం.


చాక్‌పీస్_టీచర్:

మాకూ ఒక గ్రూపుంది. తొమ్మిది దాటితే "ఇంకా అప్‌లోడ్ చేయని స్కూళ్ళు" అని లిస్టు పడుతుంది, స్కూలు పేరుతో సహా. నేను స్కూటీ మీద కాలువ గట్టున ఉంటాను అప్పటికి. ఆ లిస్టులో నా స్కూలు ఉందా లేదా అని చూడకుండా ఉండటం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఎవరూ ఫోన్ చెయ్యక్కర్లేదు, ఎవరూ తిట్టక్కర్లేదు. హ్యాండిల్ పక్కన డిక్కీలో ఫోన్ ఒకసారి వణుకుతుంది, అంతే, నా ప్రాణం అటు పోతుంది.

నేను చేసిందల్లా ఫోన్‌ని ముందు డిక్కీలోంచి తీసి సీటు కింద, టిఫిన్ బాక్సు అడుగున పెట్టడం. సీటు లేపాలంటే దిగాలి, తాళం తిప్పాలి, బాక్సు తియ్యాలి. నా బద్ధకమే నన్ను కాపాడుతోంది.


కోర్టు_మెట్లు:

మోటారు ప్రమాదాల కేసులు చూసే లాయరు దగ్గర జూనియర్ని. చట్టం సంగతి క్లుప్తంగా.

నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడటం 2019 సెప్టెంబరు 1 నుంచి మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌లోకి వస్తుంది. మొదటిసారి వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే జరిమానా పది వేలు, జైలు రెండేళ్ళ దాకా. 2020 అక్టోబరు 1 నుంచి దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడొచ్చన్నారు, అదీ ఏకాగ్రత చెడకుండా. చూశారుగా, ఈ మాటలన్నీ నడిపేవాడి గురించే. అవతల నుంచి ఫోన్ చేసినవాడి ఊసు ఇందులో ఎక్కడా లేదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2021లో ఫోన్ వాడకం కింద చూపిన చావులు 1,040. ఆ ఏడాది దేశంలో రోడ్డు మీద పోయినవాళ్ళు మొత్తం 1,53,972. అంటే నూటికి ఒకటి కూడా కాదు. ఎవరైనా నమ్ముతారా? కౌంటర్ గారూ, మీవాడి కేసు కాగితం తీసి చూడండి. అతివేగం, అజాగ్రత్త అని ఉంటుంది. ఫోన్ మాట ఉండదు.

ఇంకోటి, ఇది మీ ఓనరుకి చెప్పాల్సింది. కుర్రాడు పని మీద పోతూ పడ్డాడు. ఈఎస్ఐ ఉంటే అందులోంచి, లేకపోతే ఉద్యోగుల నష్టపరిహారం కింద ఓనరే చూసుకోవాలి, అది ముందు 1923 నాటి చట్టంలో ఉండేది, 2025 నవంబరు నుంచి సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చింది. చాలా కంపెనీలు "బండి మీద ఫోన్ వాడను" అని కుర్రాళ్ళతో ముందే సంతకం పెట్టించుకుంటాయి. భద్రత కోసం ఇచ్చిన ఆదేశాన్ని కావాలని మీరాడు అని రేపు వాదించడానికి ఆ కాగితం. కానీ ఒకవైపు ఆ కాగితం, ఇంకోవైపు 35 నిమిషాల్లో 11 కాల్స్, మెసేజ్‌లు పెట్టిన కాల్ రికార్డు. రెండూ ఒకే ఫైల్లో చూసే అవకాశం నాకొస్తే, నేను కుర్రాడి తరఫున వాదిస్తా. ఫీజు తర్వాత చూసుకుందాం.


సూటిగా_చెప్తా:

సరే, నెక్‌బ్యాండ్ మాట వెనక్కి తీసుకుంటున్నా. క్రమశిక్షణ మాట తీసుకోను.


కౌంటర్_గుంటూరు:

మూడు వారాలైంది, ఏమైందో చెప్పాలి కదా.

కేసు కాగితం చూశాను. కోర్టు_మెట్లు గారు అన్నట్టే ఉంది. వేగం, అజాగ్రత్త. ఆ కాగితాన్ని, నేను రాసిన 11 లెక్కని పక్కపక్కన పెట్టి ఓనరు గారికి చూపించాను. మొదట "నువ్వు ఎవరి వైపు" అన్నారు. తర్వాత ఈఎస్ఐ గురించి అడిగారు, ఎవరికో ఫోన్ చేశారు, చాలాసేపు మాట్లాడారు. మర్నాడొచ్చి "ఏం చేద్దామంటావ్" అన్నారు. మంచితనం ఎంతో, భయం ఎంతో నాకక్కర్లేదు. కుర్రాడి ఆసుపత్రి బిల్లు మాత్రం కట్టారు.

చేసినవి ఇవీ. బిల్లు మీద రబ్బరు స్టాంపు తీసేశాం. కొత్త స్టాంపులో కౌంటర్ నంబరొక్కటే. పాత నంబర్లు షాపుల వాళ్ళ ఫోన్లలో ఉన్నాయి కాబట్టి కుర్రాళ్ళకి కొత్త సిమ్‌లు ఇప్పించాం, అవి షాపులకి తెలియవు. "స్టేటస్?" గ్రూపులో ఇప్పుడు నేనూ ఓనరు గారూ మాత్రమే ఉన్నాం. ఆయన అందులో స్టేటస్ అడిగితే పక్క టేబుల్ నుంచి నేనే నోటితో చెప్తున్నాను. చేరే టైము పదిహేను నిమిషాలు కలిపి ముందే చెప్తున్నాం. సాయంత్రం 5 తర్వాత వచ్చిన ఆర్డర్లలో అర్జెంటు కానివి పొద్దుటి బండికే. ఏది అర్జెంటు అని అడిగితే మొదటి రెండు రోజులు అన్నీ అర్జెంటే అన్నారు. "పేషెంటు పేరు చెప్పండి, ఇప్పుడే పంపిస్తా" అంటే సగం తగ్గిపోయాయి.

పోయినవీ చెప్పాలి. నరసరావుపేటలో ఒక షాపు మానేసింది. పెద్ద షాపే, నెలకి లక్షన్నర బిల్లు. ఓనరు గారు దాని గురించి రోజుకోసారి గుర్తు చేస్తున్నారు.

తేలనిది ఒకటుంది. మొన్న నిజంగానే అర్జెంటు వచ్చింది. సత్తెనపల్లిలో ఒక నర్సింగ్‌హోమ్ వాళ్ళకి కాన్పు కేసులో ఇంజెక్షన్ కావాలన్నారు. బండి అప్పటికే వెళ్ళిపోయింది, ఆ సరుకు అదే బండి సంచీలో వేరే షాపుకి పోతోంది. ఫోన్ చేస్తే ముందు అక్కడ దింపమని చెప్పొచ్చు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చెయ్యలేదు. ఇక్కడ నుంచి ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి లోకల్ కుర్రాణ్ణి పంపాను, 40 నిమిషాలు ఆలస్యమైంది. తల్లీబిడ్డా బాగున్నారు. బాగుండకపోతే నేను ఇక్కడ ఏం రాసేవాణ్ణో నాకు తెలియదు.


పాత_స్టీరింగ్:

అలాంటప్పుడు మేం దారిలో కంట్రోలు పాయింటుకి కబురు పంపేవాళ్ళం. మేడికొండూరులో మీకు తెలిసిన షాపు ఉంటుంది కదా. బండి అక్కడ ఎలాగూ ఆగుతుంది. ఆ షాపుకి ఫోన్ చేసి చెప్తే ఆయన కుర్రాడికి చెప్తాడు. ఒకసారి ప్రయత్నించండి.

అబ్బాయి చెయ్యి ఎలా ఉంది?


కౌంటర్_గుంటూరు:

ఇది నాకు తట్టనే లేదండీ. మేడికొండూరు షాపాయన మంచివాడు, ఇవాళే అడుగుతాను.

చెయ్యి పర్లేదు. కట్టు తీశారు, వేళ్ళు కదులుతున్నాయి, పిడికిలి పూర్తిగా పడటం లేదు. క్లచ్ పట్టాలంటే ఇంకో నెలన్నర అన్నారు. అందాకా జీతం ఇస్తూ కౌంటర్లో నా పక్కన కూర్చోబెట్టుకున్నాం. ఫోన్లన్నీ వాడే ఎత్తుతున్నాడు. లైన్లన్నీ తిరిగినవాడు కాబట్టి ఏ బండి ఏ టైముకి ఎక్కడుంటుందో నాకంటే బాగా చెప్తాడు.

నిన్న సత్తెనపల్లి షాపాయన ఫోన్ చేసి, బండి ఎక్కడుందో కుర్రాడికి ఫోన్ చేసి కనుక్కోమన్నాడట. మనవాడు "బండి మీదున్నోడికి నేను ఫోన్ చెయ్యనండీ, 7.10కి మీ షాపు ముందుంటాడు" అన్నాడట. ఆయనకి కోపం వచ్చి నన్ను పిలవమన్నాడు. నేను భోజనానికి వెళ్ళానని చెప్పాడు. సాయంత్రం ఆరున్నరకి ఏం భోజనమో ఆయనా అడగలేదు.

7.05కే చేరింది బండి.